చేబదులు

విశాఖ బీచిలో ఎవరో కుర్రాళ్లు
మా ఊరి మీద రాక్ పాట కట్టారని
మొదట చెప్పింది మా షామియానా కొట్టుకి
కుర్చీలు మాట్లాడుకోడానికొచ్చిన పెళ్లికొడుకు.
ఫోను నా చెవి దగ్గర పెట్టాడు,
నవ్వు ఆపుకుంటూ.

"ఏరు దాటితే నాలిక్కి రెండు చీలికలు
చద్దన్నానికి పకాళ అని పేరు
అటూ కాదు ఇటూ కాదు పర్లాకిమిడి
గేటు దగ్గర ఆగిపోయిన బండి"

పాట బాగుంది. అదీ బాధ.
ఆ డ్రమ్ముల వాడెవడో గాని
మూడో దెబ్బ కాస్త ఆలస్యంగా వేస్తాడు,
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే
నేల తగిలినట్టు.
నేనూ డ్రమ్ములు వాయిస్తాను. తెలుస్తుంది.

ఆ రాత్రే కూర్చున్నాం నలుగురం
మడత కుర్చీల గుట్టల మధ్య.
బిపిన్ మహారణా. వాళ్ల నాన్న గేదె కొమ్ముతో
కొంగల్ని చెక్కుతాడు, రొయ్యకి మీసాలు కూడా తీస్తాడు.
ఆ తరుగులోంచి వీడు
గిటారు మీటే బిళ్ల చేసుకున్నాడు.
వేగం పెంచితే వేడెక్కి గేదె వాసనేస్తుంది.
ఎలీషా గమాంగ్, గుమ్మ కొండల వాడు,
చర్చిలో బేసు నేర్చాడు,
ఏ మాటకైనా ముందు ఓసారి కళ్లు మూస్తాడు.
పాడేది పుణ్యవతి. పగలు బీమా ప్రీమియాలు వసూలు చేస్తుంది కనక
ఊళ్లో సగంమంది పుట్టినరోజులు దానికి నోటికొచ్చు.

మొదట రాసింది చించేశాం.
కోట ఉంది, కొమ్ముబొమ్మలున్నాయి,
బుల్లిరైలు ఉండేది, రథం ఉంది...
"ఇది పాటేటి? కేలండరు," అంది పుణ్యవతి.
"వాళ్లన్నదాంట్లో అబద్ధమేదో ముందు చెప్పండి."

ఎవరం చెప్పలేకపోయాం.
అమ్మకి గుండెనొప్పొస్తే శ్రీకాకుళం తీసుకెళ్లాను,
తర్వాత కాగితాలకి ఒడియాలో దరఖాస్తు పెట్టాను.
ఎక్కాలు ఒక భాషలో చదివి
అప్పులు ఇంకో భాషలో రాసుకుంటాను.
గేటు మాటా నిజమే,
ఇరవై నిమిషాలు, ఎండలో.

అప్పుడు బిపిన్,
మా నలుగురిలోకీ తెలుగు తక్కువొచ్చిన బిపిన్,
ఒక కుర్చీ వీపు మీద సుద్దముక్కతో
ఒడియా అక్షరాల్లో తెలుగు రాశాడు:
చీలిన నాలికే కదా
ఒక చీలికతో తిడతాను
రెండోదాంతో అన్నం తిన్నావా అని అడుగుతాను

పుణ్యవతి మూడుసార్లు చదివింది.
నాలుగోసారి చదవలేదు, పాడింది.
ఎలీషా కళ్లు మూసి
తెరవడం మరిచిపోయాడు.

ధాన్యం మండీలో వాయించాం.
రెండో చరణంలో కరెంటు పోయింది.
పాటలో అదో భాగమనుకుని జనం ఈలలేశారు.
జనరేటరు నాదే,
డీజిలు పోయడం మరిచిందీ నేనే.
నా డ్రమ్ములూ దాని ఒట్టి గొంతూ
చివరిదాకా ఈడ్చుకొచ్చాం.
ఎవడో ఆ చీకట్లో రికార్డు చేశాడు. బొమ్మ లేదు,
ఒక దగ్గు మాత్రం స్పష్టంగా వినపడుతుంది.

విశాఖ నుంచి ఏ బదులూ రాలేదు.
పుణ్యవతి రెండు వారాలు ఫోను చూసుకుంది,
తర్వాత మార్చి నెల వసూళ్లలో పడిపోయింది.

మొన్న పాతపట్నం నుంచి ఆటోలో వస్తున్నాను.
డ్రైవరు కూనిరాగం తీస్తున్నాడు,
వాళ్ల పల్లవి.
పళ్లు బిగించి కూర్చున్నాను.
ఊపిరి తీసుకుని, ఆపకుండా,
అన్నం తిన్నావా అన్నాడు.
మా చరణం.
మళ్లీ వాళ్ల పల్లవి, మళ్లీ మాది,
మధ్యలో అతుకు కూడా లేదు.

"ఎవరి పాట బాబూ?"
"ఏటో, అందరూ పాడతన్నారు."

దెబ్బలాట జరిగిందని చెబుదామని
నోరు తెరిచేసరికి
గేటు పడింది.
ఇంజను ఆపేశాడు. ఎండ.
మహేంద్రతనయ మీంచి గాలి కూడా లేదు.
ఆటో రేకు మీద నా వేళ్లు వాటంతటవే
ఒకటి, రెండు,
కాస్త ఆగి
మూడు.

ఆ ఆలస్యం వాళ్ల దగ్గర
చేబదులు తెచ్చుకున్నది.
ఇంకా తీర్చలేదు.